మంచి కాలికీ వాత

1931 మార్చి 3, మంగళవారం

మిషను దొరసాని సీమకు వెళ్లింది. స్టేషనుకు పోయే మోటారు ఎక్కుతుంటే బడి పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. నేను నేర్పించిన పాటే. అందరికీ చేయి ఊపింది. పన్నెండేళ్లుగా ఆమె బడిలో పంతులమ్మను. పోతూ పోతూ నా చేతిలో పెట్టింది — కుక్కను.

"ఎస్తేరూ, పదకొండు నెలలలో తిరిగి వచ్చెదను. నేను చూచునట్లే నీవును దీనిని చూడవలెను."

సరేనన్నాను. కాదనడం ఎప్పుడు నేర్చుకున్నాను గనక.

ఈ పుస్తకంలో ఆమెకు 'గారు' తగిలించను. ఇక్కడైనా.

మార్చి 4

పేరు టోబీ. తెల్ల బొచ్చు, గోధుమ రంగు చెవులు. నిలబడితే నా పిక్క ఎత్తు ఉంటుంది. వెనక కుడికాలి మోకాటి చిప్ప పక్కకు జారుతుంది. జారగానే ఆ కాలు కడుపుకు ఆనించి మూడు కాళ్లతో గెంతుతుంది.

దాని గురించి నాలుగు పేజీలు రాసి ఇచ్చి పోయింది. మెట్లు ఎక్కరాదు. మంచం మీంచి దూకరాదు. లావు కారాదు. పొద్దునా సాయంత్రం సీమ తైలంతో మర్దన. చిప్ప జారితే కాలు మెల్లగా వెనక్కి చాచి బొటనవేలితో లోపలికి నెట్టాలి. ఇది మాత్రం చేసి చూపించింది. నా బొటనవేలి మీద తన బొటనవేలు ఆనించి నెట్టింది. ఇన్నేళ్లలో ఆమె నాకు ఇంత దగ్గరగా కూర్చోలేదు.

పోయినేడు అమ్మ మోకాళ్లు వాచి లేవలేకపోతే వెళ్లి అడిగాను. "ప్రార్థన చేయుము. విశ్రాంతి తీసుకొనుమని ఆమెతో చెప్పుము." అంతే. ఒక్క పేజీ కూడా రాయలేదు.

మార్చి 5

బంగళాకు వాగు అవతల మా పల్లె. బుట్టలో కుక్క, బుట్ట నా చంకలో. దారి పొడుగునా అందరూ చూడటమే.

వాకిట్లో అమ్మ.

"ఏందే అది? దొరబిడ్డనేమన్నా ఎత్తుకొస్తివా?"

"కుక్కమ్మా. దొరసానిది."

"కుక్కయితే నడిచి రాదా?"

"మోకాలు బాగలేదు."

"నాకూ బాగలేదు. నన్నెవురు గంపలో ఎత్తుకుంటారు?"

బుట్ట దించాను.

మార్చి 8, ఆదివారం

బంగళా వరండాలో దానికి ఒక పేము కుర్చీ ఉండేది. మెత్త వేసి ఉండేది. నేను ఆ వరండాలో ఎప్పుడూ నిలబడే మాట్లాడాను, కూర్చోమన్నవాళ్లు లేరు. ఇప్పుడు అది మా ఇంట్లో చాప మీద పడుకుంది. చూస్తే నాకు కాస్త సంతోషంగానే ఉంది. పాపమే. ఉంది మరి.

మార్చి 11

చిప్ప జారింది. కాలు చాచి నెట్టాను. మొదటిసారి కుదరలేదు. రెండోసారి లోపల టక్కుమంది. అది నా చేయి నాకింది.

నాకొద్దులే. నాకు అవసరం లేదు.

మార్చి 16

పాలు, మెత్తటి అన్నం, ఉడికించిన మాంసం పెట్టాలని కాగితంలో ఉంది. మా ఇంట్లో జొన్న సంగటి. పెట్టాను. తిన్నది. పళ్లెం నాకి ఇంకా ఉందా అన్నట్టు చూసింది. దీనికి ఎవరూ ఏమీ నేర్పలేదు కాబట్టి మేలు... మా ఇంటి కూడు అని తెలియదు.

మార్చి 27

మోటారు చప్పుడు వినబడితే చాలు. ఎక్కడ ఉన్నా లేచి వాకిలి దాకా పోతుంది. చెవులు నిక్కించి నిలబడుతుంది. మోటారు రోడ్డెంట వెళ్లిపోయాక కూడా కాసేపు అక్కడే.

"రాదులే, యాడికో పోయిందిలే నీ యమ్మ" అంటుంది అమ్మ. కుక్కతో అమ్మ మాట్లాడిన మొదటి మాట ఇదే.

ఏప్రిల్ 10

ఎండలు. ఊరబావిలోకి మమ్మల్ని రానివ్వరు, మా పల్లె బావిలో చెంబు మునగడం లేదు. కుక్కకు వారానికి ఒకసారి స్నానం అని కాగితంలో ఉంది. చేయించలేదు. అయినా బావి దగ్గర మరియక్క అననే అన్నది:

"పంతులమ్మా, కుక్కకు సబ్బు రాసి పోస్తావంట గదా? మాకు తాగేదానికి లేవు."

"ఎవురు చెప్పినారక్కా?"

"ఎవురు చెప్పాల. దొరసాని కుక్క గదా, పోయకుండా ఉంటావా."

చెయ్యని పనికి మాట పడ్డాను. చేసి పడి ఉంటే కుక్కయినా శుభ్రంగా ఉండేది.

ఏప్రిల్ 15, బుధవారం

ప్రార్థన కూటం మరియక్క ఇంట్లో. ఒక్కొక్కరూ తమ ప్రార్థన మనవి చెప్పుకున్నారు. వాన కోసం. తాగుడు మానని మొగుడి కోసం. పలకల గనిలో రాయి పడి వేళ్లు పోయిన తమ్ముడి కోసం. నా వంతు వచ్చింది. పొద్దుటి నుంచి దాని కాలు మూడుసార్లు జారింది, మనసులో అదే ఉంది. నోట్లోంచి వచ్చేసింది — టోబీ కాలు కోసం.

వెనక నుంచి ఎవరో పక్కున నవ్వారు.

"పిల్లల్లేనామె గదా, పాపం."

మరియక్కే అన్నది. మెల్లగానే అన్నది, నాకు వినబడేటంత మెల్లగా. నా మొగుడు పోయి పదహారేళ్లు. ఆ కూటంలోనే ఎన్ని బుధవారాలు ఏడ్చానో ఆమెకు తెలుసు. ప్రార్థన నడిపే అయ్యగారు 'నోరులేని జీవముల కొరకును' అని ఒక్క ముక్క కలిపి ఆమేన్ చెప్పేశారు.

ఇక ఆ కూటంలో నోరు తెరవను.

ఏప్రిల్ 24

తైలం సీసా సగానికి దిగింది. నేను చుక్కలు చుక్కలుగా వాడుతున్నాను.

అమ్మ పక్కన కూర్చుంటే అదే వాసన.

"అమ్మా, తైలం పూసుకున్నావా?"

"కుక్క కాలు ముట్టుకున్నాలే. ఆ వాసనే."

అమ్మ కుక్కను ముట్టుకోదు. ఇద్దరికీ తెలుసు.

మే 2

దొరసాని బదులు బంగళాలో కొత్త దొర దిగాడు. వయసులో నా కంటే చిన్న. పుల్లలచెరువు వైపు క్యాంపులకు పోతాడు — వాక్యం చెప్పడానికి కొంత, అడవి పందులను కొట్టడానికి కొంత. తుపాకి వరండాలో గోడకు ఆనించి ఉంటుంది. పేము కుర్చీలో ఇప్పుడు ఆయన టోపీ.

మే 13

మోటారు చప్పుడు. నేను మంచం మీద దాని బొచ్చు దువ్వుతున్నాను. పట్టుకునే లోపే దూకింది. కూలబడింది. కీచుమని ఒక్క కేక.

చిప్ప లోపలికి పోవడం లేదు. నెట్టాను, పోతుంది, వెంటనే జారుతుంది. ఇప్పుడిక గెంతడం కూడా లేదు. కుడికాలు వేలాడేసి కూర్చుంది.

మే 15

దొరసానికి ఉత్తరం రాశాను. 'టోబీ క్షేమముగా నున్నది. దినదినము మిమ్మును తలంచుచున్నది.'

మొదటి వాక్యం అబద్ధం.

జూన్ 8

బడి తెరిచారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కుక్క అమ్మ దగ్గర. అమ్మ ఒప్పుకోదనుకున్నాను. "ఉండనీలే, యాడికి పోతాది అదయినా, నేనయినా" అంది.

జూన్ 18, గురువారం

బడి నుంచి వస్తుంటే వాకిట్లో కాలిన బొచ్చు వాసన.

నరసయ్య మామ చేతులు కడుక్కుంటున్నాడు. ఎద్దులకు వాతలు పెట్టే నరసయ్య మామ. సంత నాడు కుంటి ఎద్దులన్నీ ఆయన ముందు వరసగా ఉంటాయి. పొయ్యిలో ఇంకా ఎర్రగా కడ్డీ.

"అయిపోయిందిలే పంతులమ్మా. మూడేసి గీతలే పెట్టినా. శానా చిన్న మోకాలు, చెయ్యి నిలవలే."

టోబీ అమ్మ ఒళ్లో ఉంది. అరవడం లేదు. అరిచి అరిచి ఆగిందట. ఒళ్లంతా వణుకుతోంది. కుడి మోకాలి మీద మూడు గీతలు. ఎడమ మోకాలి మీద మూడు గీతలు.

"మామా, ఎడమ కాలు మంచిదే గదా! దానికెందుకు పెట్టినావు?"

"మంచిదే. ఒక పక్కే పెడితే జబ్బు బెదిరి ఆ పక్కకు పోతాది. ఎద్దుకయినా అంతే, రెండు పక్కలా పెట్టాల. మా నాయన కాడ్నించి అంతేనమ్మా."

ఆయన ముఖంలో తప్పు చేసినట్టు ఏమీ లేదు. పని బాగా చేసిన మనిషి ముఖం. మజ్జిగ తాగి వెళ్లిపోయాడు.

అమ్మ మీద అరిచాను. ఇరుగుపొరుగు వచ్చి నిలబడేటట్టు అరిచాను. బుద్ధి ఉందా, నోరు లేనిదానికి నిప్పు పెట్టిస్తావా అని. అమ్మ చీర మోకాళ్ల దాకా లాగి చూపింది. ఒక్కో మోకాలికి మూడు గీతలు, పాతవి, తోలు ముడుచుకుపోయి మెరుస్తున్నాయి.

"నాకు పెట్టినప్పుడు నీకు ఆరేండ్లు. రెండు పక్కలా పెట్టినారు. నేను నడవలేదా అప్పట్నించి? గనిలో రాళ్లు మొయ్యలేదా?"

నడిచింది. మోసింది. ఎట్లా నడిచిందో నేను చూశాను.

అందరూ పోయాక, తల ఎత్తకుండా అన్నది:

"తైలం అయిపొయ్యింది ఎస్తేరూ. దాని తైలమంతా నేనే పూసుకున్నా. అది ఇంగ నడవదని... అందుకే పిలిపించినా మామను."

జూన్ 20

పుండ్లు. పసుపు, వేపాకు నూరి రాస్తున్నాను. తినడం లేదు.

జూన్ 22

తినడం లేదు. అమ్మ సంగటి మెత్తగా పిసికి వేలితో నోట్లో పెడుతోంది. ఉమ్మేస్తుంది, మళ్లీ పెడుతుంది.

అమ్మతో మాట్లాడటం లేదు నేను.

జూన్ 25

రెండు ముద్దలు తిన్నది.

జూన్ 29, సోమవారం

దొర బడికి వచ్చాడు. పిల్లలు లేచి నిలబడ్డారు. టోబీ ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. చూడాలన్నాడు. వాగు ఒడ్డున నిలబడి, ఇంటికి రాకుండా, తెప్పించుకుని చూశాడు.

ముఖం ఎర్రబడింది.

"ఎవరు ఈ క్రూరమైన కార్యము చేసిరి?"

అమ్మ పేరు నోటి దాకా వచ్చింది. నిజమే కదా, చెబితే ఏమవుతుంది? అమ్మను బంగళాకు పిలిపిస్తాడు. ఆ మోకాళ్లతో వరండా మెట్లెక్కి నిలబడాలి.

"నేనే చేయించానండి."

"నీవా? బోధకురాలవు నీవు!"

అవునండి. నేనే.

దొరసానికి రాస్తానన్నాడు. జవాబు వచ్చేదాకా కుక్క నా దగ్గరే ఉండవచ్చునట.

జూలై 1

నన్ను పెద్ద తరగతి నుంచి తీసి చిన్నపిల్లల తరగతిలో వేశాడు. ప్రాణుల మీద దయ లేనివాళ్లు పెద్దపిల్లలకు మాదిరిగా ఉండరాదట.

పలకలు తుడవడం, అ ఆ దిద్దించడం. మళ్లీ మొదటి ఏడాది పంతులమ్మనయ్యాను. ముప్పయ్యారేళ్లు నాకు.

జూలై 12

పుండ్లు మానుతున్నాయి. కుడికాలి చిప్ప జారడం లేదు. నిజంగా. మోకాలు బిగుసుకుపోయింది, మడవదు, కానీ మీద బరువు మోపుతోంది. నరసయ్య మామ చూస్తే మురిసిపోతాడు.

ఎడమది... ఏ జబ్బూ లేనిది, గెంతినన్నాళ్లూ దాని బరువంతా మోసింది. ఇప్పుడు దాన్ని ఈడుస్తోంది.

జూలై 13

అమ్మతో మాట్లాడాను. "ఉప్పు యాడ పెట్టినావు?" అన్నాను. చెప్పింది.

ఆగస్టు 3

ఎండ పడే చోట అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. మోకాళ్ల మధ్య అది. అమ్మ ఆముదం కాచి తనకింత, దానికింత పూస్తుంది. తైలమేమీ మహా గొప్పది కాదంటుంది ఇప్పుడు.

"దీని ఒళ్లు వెచ్చగా ఉంటాదే. నొప్పి లాగేస్తాది" అంటుంది. నన్నెవరూ అట్లా ఆనుకుని కూర్చోరు. అమ్మ కూడా.

ఆగస్టు 25, మంగళవారం

దొరసాని జవాబు. దొరకు ఒకటి, నాకు ఒకటి. నాది చిన్నది. ఈ మాట ఇక్కడ ఎక్కించుకుంటున్నాను, మరిచిపోకుండా:

'బాధపడు ప్రాణిని ఉంచుట ప్రేమ కాదు. దొరగారు దానికి విడుదల కలుగజేయుదురు. ఎస్తేరూ, నేను నిన్ను నమ్మియుంటిని. అయినను నిన్ను క్షమించుచున్నాను.'

క్షమించింది. నేను అడిగానా?

విడుదలంటే గోడకు ఆనించి ఉన్న తుపాకి. శనివారం పొద్దున కుక్కను వాగు దగ్గరికి తీసుకురమ్మని దొర కబురు.

ఆగస్టు 26

బాధపడే ప్రాణిని ఉంచడం ప్రేమ కాదట. అయితే మా అమ్మను ఇన్నేళ్లు ఉంచుకున్నానే. నాది ఏమిటి మరి?

కాగితం అమ్మకు చదివి వినిపించాను. అమ్మ టోబీ చెవి వెనక గోకుతూ కూర్చుంది.

"కాళ్లు పడిపోతే కాల్చేస్తారా వాళ్లు?"

"కుక్కలనమ్మా."

"ఆఁ... కుక్కలనే లే."

ఆగస్టు 28, శుక్రవారం

బడి వదలగానే బంగళాకు వెళ్లాను. వరండాలో నిలబడి చెప్పాను. టోబీ పొద్దున చనిపోయిందండి, పల్లె వెనక పాతిపెట్టామండి.

ఇంత బాగా అబద్ధమాడగలనని నాకే తెలియదు.

దొర వెంటనే బయల్దేరాడు చూడటానికి. మట్టి పచ్చిగా ఉంది. పొద్దున అమ్మా నేనూ తవ్విన గుంటే. అందులో దాని బుట్ట, దాని సీమ దుప్పటి. దొర టోపీ తీసి కళ్లు మూసుకున్నాడు. నేనూ మూసుకున్నాను. అవతలి వైపు నాలుగు ఇళ్ల వాళ్లు నిలబడి చూస్తున్నారు. ఆ నాలుగు ఇళ్ల వాళ్లూ పొద్దున టోబీ సంగటి తింటుంటే చూసినవాళ్లే. మరియక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది — ఏడుపనుకున్నాడు దొర.

ఇంట్లో అమ్మ దాని మూతి గట్టిగా పట్టుకుని కూర్చుందట.

ఆగస్టు 30, ఆదివారం

ఒక్కరూ నోరు విప్పలేదు. కూటంలో నవ్వినవాళ్లే, బావి దగ్గర దెప్పినవాళ్లే. కుక్క మీద ప్రేమ కాదది, నా మీదా కాదు. దొరకు చెప్పకూడనిది ఒకటి పుట్టాక అది పల్లె అందరిదీ అవుతుంది, అంతే.

గుడి బయట మరియక్క నా చెవి దగ్గరికి వచ్చి, "శవం బాగుండాదా?" అని అడిగింది. నవ్వొచ్చింది. ఆరు నెలల తర్వాత నవ్వాను.

అక్టోబరు 9

మోటారు చప్పుడుకు ఇంకా లేస్తుంది. కుడికాలు కర్రలా పెట్టి, ఎడమకాలు ఈడ్చుకుంటూ వాకిలి దాకా పోతుంది. నేను ముందే పోయి తలుపు వేస్తాను. తలుపు ముందే కూర్చుంటుంది.

నేను తిండి పెట్టాను, పుండ్లు కడిగాను, దాని కోసం దేవుని ముందు కళ్లు మూసుకుని అబద్ధమాడాను. అది మాత్రం ఆమె కోసం లేస్తుంది.

నవంబరు 17

వానలు. అమ్మా, అదీ — ఇద్దరూ లేవలేదు ఇవాళ.

డిసెంబరు 12

దొర గనికి మనిషిని పంపించాడు. సమాధి మీదికి రాయి కావాలట. దొరసాని సీమ నుంచి రాసిందట — మంచి నల్ల పలక, నునుపు పట్టించి, ఇంగ్లీషు అక్షరాలు చెక్కించి, తాను వచ్చేలోగా నిలబెట్టాలని.

డిసెంబరు 19

రాయి నిలబెట్టారు. 'టోబీ. నమ్మకమైన స్నేహితుడు.'

బంగళా ప్రహరీ కట్టేటప్పుడు రాళ్లు మోసిన మనిషి మా నాయన. ఆ రాళ్ల కిందే నడుము పోయి, మంచాన పడి పోయాడు. నాయన తల దగ్గర ఒక రాయి పెట్టించమని తొమ్మిదేళ్ల కిందట అడిగాను. "తరువాత చూచెదము" అంది దొరసాని. అక్కడ ఇప్పుడు తంగేడు మొలిచింది, ఏది నాయనదో అమ్మకు కూడా గుర్తు లేదు.

దుప్పటికి రాయి పెట్టారు. బుట్టకు రాయి పెట్టారు.

చెక్కినవాడు మా పల్లెవాడే. అంతా తెలిసే చెక్కాడు. "అచ్చరాలు బాగొచ్చినాయా అక్కా?" అని అడిగాడు. బాగొచ్చాయన్నాను.

1932 జనవరి 27, బుధవారం

వచ్చింది. బడి పిల్లలు పాట పాడారు, పోయినసారి పాటే. చిక్కింది కొంచెం. నా రెండు చేతులూ పట్టుకుంది.

మోటారు వస్తుంటే ఇంట్లో టోబీ ఎలా ఉందోనని నాకు చెమటలు. అమ్మ దాని మూతి పట్టుకుని ఉంటుంది, ఉండాలి.

జనవరి 28

నన్ను తోడు తీసుకుని సమాధి దగ్గరికి వెళ్లింది. నేను గొడుగు పట్టాను. రాయి మీద చేయి పెట్టి ఏడ్చింది. నిజంగా ఏడ్చింది. ముక్కు ఎర్రబడి, చేతిరుమాలు తడిసిపోయి, మా ఆడవాళ్లు ఏడ్చినట్టే. ఇన్నేళ్లలో ఆమె ఏడవడం చూడలేదు. ఇంత కాలం తిట్టుకున్న మనిషి మీద జాలి పడటం కూడా ఒక శిక్షే.

"అది నన్ను జ్ఞాపకము చేసికొనెనా?"

"మోటారు వచ్చినప్పుడల్లా వాకిలి దాకా వచ్చేదండి."

అదొక్కటే నిజం చెప్పాను. ఇంకా ఏడ్చింది.

చెప్పేద్దామనిపించింది. నూరు అడుగుల అవతలే ఉందమ్మగారూ, బతికే ఉందమ్మగారూ, అని. గొడుగు పట్టుకున్న చేయి నొప్పి పుట్టే దాకా అదే అనుకుంటూ నిలబడ్డాను. చెబితే ఎత్తుకుని ముద్దు పెట్టుకుంటుందా? లేక ఆ ఈడ్చే కాలు చూసి దొరను కేకేస్తుందా? పన్నెండేళ్లు ఆమె కింద పని చేశాను, ఆమె ఏం చేస్తుందో నాకు తెలియదు.

"దాని బాధ తీరినది. అదియే నాకు ఆదరణ" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆమె తల మీదికి గొడుగు సరిచేశాను.

జనవరి 29

మళ్లీ పెద్ద తరగతి ఇచ్చింది. క్షమించానని ఇంకోసారి చెప్పింది.

జనవరి 30, శనివారం

వరండాకు పిలిచింది. సీమ నుంచి తెచ్చిన తైలం సీసా, కొత్తది, మూత కూడా తీయనిది. నా చేతిలో పెట్టి —

"ఇది నీ తల్లి కొరకు. ఆమె మోకాళ్ల సంగతి నీవు నాతో ఒకసారి చెప్పితివి. సీమలో నా తల్లి మోకాళ్లును అట్లే అయినవి. అప్పుడు నీ మాట నాకు జ్ఞాపకము వచ్చెను. సోమవారము బడి అయిన తరువాత మీ ఇంటికి వచ్చెదను. ఎట్లు మర్దన చేయవలెనో నేనే చేసి చూపెదను."

పదమూడేళ్లు కావస్తోంది. ఒక్కసారి కూడా మా ఇంటి గడప ఎక్కలేదు. వద్దండి, ఇల్లు ఇరుకు, అమ్మ సిగ్గుపడుతుంది — అన్నీ చెప్పాను. నవ్వి, "నేను వచ్చెదను" అంది.

ఎందుకు ఇప్పుడు? అడిగినప్పుడే ఈ సీసా ఇచ్చి ఉంటే ఆ కడ్డీ కాలేది కాదు కదా.

జనవరి 31, ఆదివారం

మరియక్క ఇంట్లో దాచుతానంది. "మా ఇంట్లో పడేయి. ఒక్క పూట గదా. అరిస్తే నా పిల్లోడు అరిచినాడంటా" అంది. నరసయ్య మామ తన కొట్టంలో ఎద్దుల మధ్య పెడతానన్నాడు. పల్లె అంతా దీనికే చోటు వెతుకుతోంది.

అమ్మకు ఇవేవీ పట్టలేదు.

"యాడికీ ఇయ్యను. నా ఒళ్లో ఉండేది నా ఒళ్లోనే ఉంటాది. ఆయమ్మ నా మోకాళ్లు చూసేదానికి వస్తాంది గదా? చూడనీ. నావి చూడనీ, దీనివీ చూడనీ. గీతలు ఒకటే."

"తుపాకి ఉందమ్మా బంగళాలో."

"అట్లయితే ఇద్దరినీ కాల్చమను."

అన్నాక వేళ్లు దాని బొచ్చులో పెట్టి అట్లాగే ఉండిపోయింది. కొత్త తైలం మూత తీయనివ్వలేదు నన్ను.

సాయంత్రం ఇల్లు అలికాను. చాప దులిపి పరిచాను. తలుపు గడియ వదులుగా ఉంటే రాయితో కొట్టి బిగించాను, మళ్లీ ఎందుకు బిగించానా అనుకున్నాను. రేపు ఆమె గొంతు వినబడితే టోబీ ఊరుకోదు. మోటారు చప్పుడుకే లేచేది. అమ్మ దాని మూతి పట్టుకుంటుందో, వదిలేస్తుందో. నేను ఆమెకు ముందు నడవాలో, వెనక నడవాలో.

ఆమె వస్తే కూర్చోబెట్టడానికి ఎవరి ఇంట్లోనైనా కుర్చీ ఉందా అని పల్లె అంతా అడిగాను. లేదు. చాప మీద అమ్మా, అదీ ఉంటారు. ఆమె నిలబడాలి.